మోలా వెనక ముక్క

ఫిబ్రవరి 11

ఖర్చు: ఎర్ర దారం, నల్ల దారం, కిరోసిన్, సూదులు. సూదులు నాసిరకం. రేపు కొట్టువాడి మొహాన కొట్టి రావాలి.

చుక్కాని పార్టీవాడు ఒకడు నగరం నుంచి దిగాడు. పేరు లాంబెర్తో. పడవలోంచి రేవు మీదికి అడుగు వేయడం చేతకాక మోకాళ్ళదాకా తడిశాడు గానీ, కాగితపు చుట్టని మాత్రం నెత్తిన పెట్టుకుని కాపాడుకున్నాడు. అంత అపురూపమైంది ఏముందో అనుకున్నాను. వాళ్ళ పార్టీ గుర్తు. తెల్ల కాగితం నడిమధ్య నీలం రంగు చుక్కాని. కింద పేరు రాసి ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే బియ్యం దంచే రోకలి అనుకునేదాన్ని.

"దీవిలో ఆడవాళ్ళందరూ రవికల మీద ఈ బొమ్మ కుట్టుకోవాలి. మా అభ్యర్థి వచ్చిన రోజు రేవులో వరసగా నిలబడాలి. ఫోటో తీస్తాం. దేశమంతా చూస్తుంది" అన్నాడు మా ఇంట్లో కూర్చుని, నేనిచ్చిన కోకో తాగుతూ.

"అదెంత పని" అన్నాడు మా ఆయన ఆర్కిమెదెస్.

సూదికి బెజ్జం ఏ వైపు ఉంటుందో తెలియని మనిషి. అదెంత పనో ఇతనికి తెలిసిపోయింది.

తర్వాత నావైపు తిరిగి, "ఒలోవిలీ, నువ్వు నమూనా కత్తిరించి అందరికీ పంచు. నీ చెయ్యి శుభ్రంగా ఉంటుంది" అన్నాడు. పొగడ్త. పని ఉన్నప్పుడు మాత్రమే వచ్చే పొగడ్త.

ఇదంతా ఎందుకో తెలియనంత అమాయకురాలిని కాను. మా సాయ్‌లా, అంటే దీవి పెద్ద, ముసలి ఇగ్వాకి పాడటానికి ఊపిరి చాలడం లేదు. మార్చి దాటకుండా తన ఉయ్యాల ఇంకొకరికి అప్పగిస్తానని సభలో చెప్పేశాడు. సభ ఇంటి నడుమ ఆ ఉయ్యాలలో పడుకుని పాడేది ఇక ఎవరు? రెండు పేర్లు వినిపిస్తున్నాయి. ఒకటి హొరాసియో. పగలు చేపలు పడతాడు, సాయంత్రం సభలో గురక పెడతాడు. రెండోది మా ఆయన. ఇగ్వా పాడిన పాటకి జనానికి అర్థం చెప్పే పని ఇన్నేళ్ళుగా ఇతనిదే. పక్కన అభ్యర్థి నిలబడి, సిమెంటూ ఇంటికప్పు రేకులూ ఇతని మాట వల్లే వచ్చాయని నలుగురి ముందూ చెబితే హొరాసియో పేరు ఎవరికీ గుర్తుండదట. లాంబెర్తో లెక్క అది. మా ఆయన లెక్కా అదే.

ఆ ఉయ్యాలలో ఒకప్పుడు మా నాన్న పడుకున్నాడు. ఆర్కిమెదెస్ మొదట ఈ ఇంటికి వచ్చింది ఆయన దగ్గర పాటలు నేర్చుకోవడానికే. ఒక గొడ్డలి, ఒక సంచీ తెచ్చుకున్నాడు. పాటలు సగం నేర్చుకుని అల్లుడిగా ఉండిపోయాడు.

ఉయ్యాల మళ్ళీ ఈ ఇంటికి వస్తుందని నాకేమీ ఆశ లేదు. కొత్త ఉయ్యాల నేయడానికి నూలు మాత్రం తెప్పించి పెట్టాను. నూలు ఎప్పటికైనా పనికొస్తుంది.

ఫిబ్రవరి 12

సూదులు వెనక్కి ఇచ్చాను. కొట్టువాడు గొణిగాడు. గొణగనీ.

ఫిబ్రవరి 15

నమూనాలు కత్తిరించి పెట్టాను. మధ్యాహ్నం ఆడవాళ్ళందరూ మా వాకిట్లో చేరారు. నా చెల్లెలు ఇనాదిలి అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా మాట్లాడుతూ వచ్చింది. ఇద్దరు మొగుళ్ళని పంపించేసింది, మూడోవాడిని ఇంకా వెతుక్కోలేదు కాబట్టి దానికి దేశ రాజకీయాల మీద బోలెడు తీరిక.

కాగితం చూడగానే మొదలెట్టింది. "ఇదేమిటక్కా, ఇంత ఖాళీ? గీసేవాడికి సగంలో నిద్రొచ్చిందా?"

"ఖాళీగానే ఉంచాలట. అలా అయితేనే దూరం నుంచి కనిపిస్తుందట" అన్నాను.

"నగరంలో గోడల మీద వాళ్ళ నాయకుల ముఖాలు కూడా ఇట్లాగే ఉంటాయి. మధ్యలో ఒక్కడు. చుట్టూ పురుగు కూడా ఉండదు."

"పాపం, వాడితో ఎవరూ మాట్లాడరేమోనే" అన్నారెవరో. నవ్వులు.

మా పెద్దమ్మ దాద్‌సిరి కాగితాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది. ఆమె పుట్టకముందు, వాళ్ళమ్మ ముక్కుపోగుని పోలీసులు లాగేసిన రోజుల కథలు వింటూ పెరిగిన మనిషి. కాగితం కింద పెట్టి, "అప్పుడు మోలా కుట్టిన రవిక తొడగొద్దని ఆజ్ఞ. ఇప్పుడు తొడగమని ఆజ్ఞ. మన ఒంటి మీద ఏముండాలో చెప్పేవాడు మాత్రం పడవ దిగే వస్తాడు" అంది.

"అయితే కుట్టవా పెద్దమ్మా?"

"ఎందుకు కుట్టను? బట్ట ఉచితంగా ఇస్తున్నాడుగా."

కుట్టడం మొదలైంది. ఇలాంటి పని మాకు అవమానం. మోలా అంటే గుడ్డ మీద గుడ్డ తెచ్చి అతికించడం కాదు. పొరల మీద పొరలు పరిచి, పై పొర కోసి, అంచు మడిచి కుట్టి, అడుగున ఉన్న రంగుని బయటికి తీయడం. వీళ్ళ చుక్కాని పైన తెచ్చి పెట్టిన వస్తువు. కింద దానికి ఏమీ లేదు. అయినా సరే కోశాం, మడిచాం.

ఖాళీ మాత్రం ఎవరూ వదల్లేదు. నేను రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పబోతే పెద్దమ్మ, "ఈ వయసులో ఇంత ఖాళీ ఉన్న రవిక తొడిగితే నాకు చూపు పోయిందంటారు. లేదా బద్ధకమంటారు. చూపు పోయిందన్నా పడతాను గానీ" అంది. అది నిజమే. ఖాళీ వదిలిన మోలా తొడుక్కుని ఏ ఆడది బయటికి వెళుతుంది? బొమ్మ ఎంత ముఖ్యమో బొమ్మ చుట్టూ ఉన్నదీ అంతే. చుట్టూ ఏమీ లేని బొమ్మ బొమ్మే కాదు, మరక.

ఎవరికి తోచింది వాళ్ళు నింపుకున్నారు. ఒకామె నీళ్ళు రాని కుళాయి కోసింది. పోయిన ఎన్నికల్లో వేయించినది. ఇంకొకామె డాక్టరు లేని ఆసుపత్రి, దాని గుమ్మంలో కుక్క. ఇనాదిలి ఇంజను లేని పడవ. పెద్దమ్మ చుక్కాని చుట్టూ అన్నీ నోళ్ళే కోసింది. తెరిచిన నోళ్ళు.

నేను మర్యాదగా రొయ్యలూ కొబ్బరికాయలూ మాత్రమే నింపాను.

ఫిబ్రవరి 19

సాయంత్రం సభ.

ఎప్పటిలాగే ఇగ్వా నడుమ ఉయ్యాలలో, చుట్టూ బెంచీల మీద మేం. బయటినుంచి వచ్చినవాళ్ళు నడుమ పడుకున్నవాడే గొప్పవాడనుకుంటారు. నడుమ పడుకున్నవాడు అందరికీ కనిపిస్తాడు, అంతే. దొంగతనంగా తొడ గోక్కోవడానికి కూడా వీల్లేని చోటు అది.

ఇగ్వా ఇల్లు కట్టే పాట పాడాడు. ఊపిరి ఆగి ఆగి వచ్చింది. నడిమి స్తంభం, పక్క స్తంభాలు, గోడలకి కట్టిన రెల్లు. చివర అన్నిటినీ పట్టి ఉంచే అడవి తీగ. తీగ తెగితే స్తంభం ఎంత లావుదైనా ఒట్టి కర్ర అని ముగింపు. చేతులు కుడుతుంటాయి, చెవులు వింటుంటాయి. పదేళ్ళ పిల్లనాటి నుంచి ఆ బెంచీల మీద ఇదే పని. ఆ పాట మాలో ఎవరికి రాదు గనక? కాపలావాడు కర్ర పట్టుకుని బెంచీల వెనక తిరుగుతూ "నిద్రపోకండి! బాగా వినండి!" అని అరుస్తున్నాడు. హొరాసియో గురక మాత్రం ఆగలేదు.

అప్పుడు మా ఆయన లేచాడు. టోపీ, టై, చేతికర్ర. గొంతు సవరించుకున్నాడు.

"మన పెద్దాయన ఏమంటున్నారంటే, నడిమి స్తంభం పాతబడింది. కొత్తది కావాలి. మన అడవిలో అంత మంచి కలప ఇప్పుడు లేదు. బయటినుంచి గట్టి కలప వస్తానంటే కాదనడం తెలివితక్కువ. ఆ కలపని ఇక్కడికి తేగలిగినవాడే ఇంటిని నిలబెడతాడు."

తీగ ఊసే లేదు.

పార్టీల మాట సభ ఇంటి గడప బయటే వదిలి రావాలి. అది మా నాన్నకంటే పాత నియమం. ఇతను పేరెత్తలేదు. పేరెత్తకుండానే లోపలికి తెచ్చి నడుమ నిలబెట్టాడు. ఇగ్వా కళ్ళు మూసుకుని ఉన్నాడు. పక్క బెంచీ మీద సూదులు ఒక్కసారి ఆగాయి. మళ్ళీ కదిలాయి.

పాట పాతది, భాష పాతది, ఒక మాట అటూ ఇటూ అవుతుంది. అలసిపోయి ఉంటాడు.

ఫిబ్రవరి 20

అలసిపోలేదు. పొద్దున్నే లేచి అద్దం ముందు అదే ప్రసంగం మళ్ళీ చెప్పుకున్నాడు.

ఫిబ్రవరి 27

లాంబెర్తో మళ్ళీ వచ్చాడు. ఈసారి తడవలేదు. పడవవాడు సంచీ ఎత్తినట్టు ఎత్తి రేవులో పెట్టాడు.

రవికల ముందు ముక్కలు చూపించాను. ఒకటి తీశాడు, పక్కన పెట్టాడు. రెండోది తీశాడు.

"చుక్కాని ఏదమ్మా?"

"అదిగో."

"ఎక్కడ?"

"రొయ్య పక్కన."

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మరి ఇవన్నీ ఏమిటి? ఈ కుక్క ఎవరు?"

"ఆసుపత్రి చూసుకుంటుంది" అంది ఇనాదిలి.

మా ఆయన నావైపు కళ్ళురిమి చూశాడు. చేసింది నేనైనట్టు. లాంబెర్తో ముఖం కమిలిపోయింది. తర్వాత కుర్చీలో కూలబడి, "సరే, రంగురంగులుగా ఉంది. ఫోటోలో బాగుంటుంది. జనం ఇదే అడుగుతారు, సంప్రదాయం" అన్నాడు. తనకి తనే చెప్పుకుని తనే ఒప్పుకున్నాడు. ఈ జాతి మనుషులకి ఇంకొకరి అవసరం లేదు.

ఇనాదిలి వెళ్ళిపోయాక కోకో కాచి తెచ్చాను. ఇద్దరూ స్పానిష్‌లో మాట్లాడుకుంటున్నారు. నేను గిన్నె వంచి పోస్తున్నాను.

"మీ ఆడవాళ్ళు నీ మాట వినరేమో అనిపిస్తోంది" అన్నాడు లాంబెర్తో.

మా ఆయన నవ్వాడు. "వాళ్ళని పట్టించుకోకండి. బొమ్మలు కుట్టుకుంటూ కూర్చుంటారు, అంతే. సభలోనూ అదే. పాట సగంలోకి రాకముందే నిద్ర. ఏం పాడారో, ఏం తేల్చారో వాళ్ళకి పట్టదు. చివర్లో నేను చెప్పిందే వాళ్ళకి అర్థం."

"మీ ఆవిడ కూడానా?"

"ఆవిడ మరీను. దారాల లెక్క తప్ప ఇంకేం తెలియదు."

నాకు స్పానిష్ రాదని కాదు ఇతని ధీమా. వచ్చని తెలుసు. నేను వినననుకున్నాడు.

కోకో పోశాను. ఇతని గిన్నెలో చక్కెర వేయలేదు. అయిపోయింది. డబ్బాలో అడుగున కొంచెం ఉంది గానీ అది రేపటికి.

ఫిబ్రవరి 28

ఉయ్యాల నేత సగంలో ఆపాను. భుజం నొప్పి.

మార్చి 2

వెనక ముక్కల సంగతి తేల్చాల్సి వచ్చింది. లాంబెర్తో తెచ్చింది ఒక్క కాగితమే. రవికకి ముందొకటి వెనకొకటి రెండు ముక్కలుంటాయని పాపం నగరంలో ఎవరూ చెప్పలేదు. ముందున్నదే వెనకా ఉంటే అది యంత్రం పని. వెనకది ముందుదానికి జోడుగా ఉండాలి, కానీ అదే కాకూడదు.

"వెనక ఏం వేద్దాం?" అని అడిగారు.

"ముందుదే. కాస్త తేడాతో" అన్నాను. ఇంకేం చెప్పాలి? ఎవరైనా అదే చెబుతారు.

సాయంత్రానికి ఇనాదిలి తన వెనక ముక్క తెచ్చి నా ఒళ్ళో పడేసింది. చుక్కాని ఉంది. దాన్ని పట్టుకుని ఒక చిలక కూర్చుని ఉంది. నోరు తెరిచి ఉంది. తల మీద టోపీ. మెడలో టై.

"ఏమిటిది?" అన్నాను.

"కాస్త తేడా" అంది.

"సిగ్గు లేదూ? మీ బావ కదే."

"బావ అని నేనన్నానా? చిలక అన్నాను. ఎవడో నేర్పిన మాట అప్పజెప్పే చిలక. నువ్వు బావ అన్నావు."

తీసుకుపొమ్మన్నాను. అక్కడే వదిలేసి పోయింది.

నా చెల్లెలి తెలివి ఎంతో దాని కుట్టు చూస్తే తెలుస్తుంది. ముక్కు పొట్టిగా కోసింది, చూస్తే చిలక కాదు కోడిపిల్ల. అంచు సరిగా మడవలేదు, ఉతికితే పీచులొస్తాయి. చెడ్డ పని కళ్ళముందు ఉంటే నాకు అన్నం సహించదు. ముక్కు విప్పేసి పొడుగ్గా, వంకీ తిరిగేలా మళ్ళీ కోసి కుట్టాను. టై మీద గీతలు అడ్డంగా పెట్టింది. టై గీతలు అడ్డంగా ఉండవు, ఎడమ భుజం నుంచి వాలుగా దిగుతాయి. అదీ సరిచేశాను.

పని బాగుండాలని తప్ప నాకు దాంతో సంబంధం లేదు.

మార్చి 5

ఇనాదిలి ముక్కని ముగ్గురు అడిగి తీసుకెళ్ళారు, చూసి కోసుకోవడానికి. మంచి పని కంటపడితే అడిగి తీసుకెళ్ళి కోసుకోవడం మాకు మామూలే. అడక్కపోతేనే అవమానం.

"టై భలే కుదిరిందక్కా" అంది వాళ్ళలో ఒకామె వెళుతూ.

నేను వినిపించుకోలేదు.

మార్చి 6

ఇంకో ఐదుగురు.

మార్చి 9

మా ఆయన టై ఇస్త్రీ చేయమన్నాడు. బొగ్గులు వేసి, పెట్టె వేడెక్కాక జాగ్రత్తగా చేసి ఇచ్చాను. మెడలో కట్టుకుంటూ, "ఈ మధ్య ఆడవాళ్ళందరూ నన్ను చూసి నవ్వుతున్నారు. మంచి శకునం. అభిమానం పెరిగింది" అన్నాడు.

"పెరిగింది" అన్నాను.

చెప్పేయాలనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. అంతలో, "నా బూట్లు తుడిచావా" అన్నాడు.

బూట్లు తుడిచాను.

మార్చి 14

అభ్యర్థి వచ్చాడు. లావుగా, ఎర్రగా, అందరి చేతులూ పట్టుకుని ఊపుతూ. రేవులో మమ్మల్ని సముద్రం వైపు ముఖాలు పెట్టి వరసగా నిలబెట్టారు. ముందు లాంబెర్తో, ఫోటోలవాడు, పడవల నిండా వాళ్ళ మనుషులు. వెనక ఒడ్డున మా మగవాళ్ళూ పిల్లలూ.

ముందువైపు నుంచి చూస్తే అన్నీ చుక్కానులు. వెతుక్కుంటే దొరుకుతాయి.

ఒడ్డు మీదివాళ్ళకి మా వీపులు కనిపించాయి. మొదట ఒకడు కిసుక్కుమన్నాడు. తర్వాత ఒడ్డు ఒడ్డంతా పొట్ట పట్టుకుని నవ్వడం. అభ్యర్థి పొంగిపోయి వాళ్ళకి చేయి ఊపాడు. వాళ్ళు ఇంకా నవ్వారు. అతను రెండు చేతులూ ఊపాడు.

"చూశారా ఉత్సాహం!" అన్నాడు లాంబెర్తో.

మా ఆయన అభ్యర్థి పక్కన, ఛాతీ విరుచుకుని, ముందువైపే. ఇతను జీవితంలో ఎప్పుడూ ఏ మనిషి వెనకా నిలబడి చూసిన పాపాన పోలేదు.

నేను వరసలో నిలబడలేదు. అభ్యర్థికి కొబ్బరిబోండాం ఇచ్చే పని నాకు పెట్టాడు మా ఆయన. దాంతో నా రవిక వెనక ఏముందో ఎవరికీ అక్కర్లేకపోయింది. ఏముందంటే పాత ముక్కే ఉంది. పీతలు. కొత్తది కుట్టుకోవడానికి తీరిక లేదు, అందరివీ సరిచేయడంతోనే సరిపోయింది.

మార్చి 17

రాయాలో వద్దో. రాస్తాను. రేపటికి ఇంకోలా గుర్తుంటుంది, నా సంగతి నాకు తెలుసు.

ఉయ్యాల ఎవరికో తేల్చే సభ. ఇల్లు కిక్కిరిసిపోయింది. మా ఆయన కొత్త చొక్కా. భార్యని కాబట్టి నన్ను ముందు బెంచీలో, ఉయ్యాలకి ఎదురుగా కూర్చోబెట్టారు.

ఇగ్వా మళ్ళీ ఇల్లు కట్టే పాటే పాడాడు. పోయిన నెల పాడిందే. చిన్నగా, మాట మాట విడదీసి. ముసలాయన ఎందుకు అదే ఎంచుకున్నాడో ఒక్క మనిషికి తప్ప అందరికీ అర్థమైంది. తీగ దగ్గరికి వచ్చేసరికి రెండుసార్లు పాడాడు.

మా ఆయన లేచాడు. నడిమి స్తంభం, బయటి కలప, తెచ్చేవాడు. ఈసారి అభ్యర్థి రేవుకి రావడం కూడా కలిపాడు. "మొన్న మీ ఆనందం నేను కళ్ళారా చూశాను" అని ముగించాడు.

దాద్‌సిరి పెద్దమ్మ లేచి నిలబడింది. మోకాళ్ళు పట్టుకుని, నెమ్మదిగా.

"ఇగ్వా తమ్ముడూ, ఒక మాట."

"చెప్పు అక్కా."

"ఆర్కిమెదెస్ అర్థం చెప్పాడు. బాగా చెప్పాడు. అయితే రవికకి రెండు ముక్కలు. అతను చెప్పింది ముందు ముక్క. వెనక ముక్క మా దగ్గరుంది. అది కూడా ఈ సభ చూడాలిగా?"

"చూడాలి" అన్నాడు ఇగ్వా.

పెద్దమ్మ వెనక్కి తిరిగింది. ఆ తర్వాత ఇనాదిలి. ఆ తర్వాత బెంచీ వెంట బెంచీ, ఆడవాళ్ళందరూ లేచి, ఉయ్యాలవైపు వీపు పెట్టి నిలబడ్డారు.

ఇంటి నిండా చిలకలు. టోపీ, టై, తెరిచిన నోరు.

మొదట ఎవరూ నవ్వలేదు. రేవులో నవ్వినవాళ్ళు కూడా. ఆర్కిమెదెస్ ఒక వీపు నుంచి ఇంకో వీపుకి చూస్తూ పోయాడు. చేయి తనంతట తనే టై మీదికి వెళ్ళింది. తన టై ముట్టుకున్నాడు. అప్పుడు ఇగ్వా ఉయ్యాలలో కదలడం మొదలైంది. దగ్గేమో అనుకున్నాం. నవ్వుతున్నాడు. ఊపిరాడక ఉయ్యాల అంచు పట్టుకుని నవ్వుతున్నాడు. దాంతో ఇల్లంతా పగిలింది. హొరాసియో కూడా లేచి కూర్చుని ఎందుకో తెలియకుండానే నవ్వాడు.

నేను ఒక్కదాన్నే లేవలేదు. ఆ ఇంట్లో ఇతనికి కనిపించిన ఆడమనిషి ముఖం నాది ఒక్కటే.

నావైపు చూశాడు. చిన్నపిల్లాడు చూసినట్టు. "ఎవరు కుట్టారిది, ఒలోవిలీ?"

ఇనాదిలి తిరగబోయింది. "నే..."

"ముక్కు నాది" అన్నాను. "టై కూడా నాదే."

"నువ్వా?"

"గీతలు వాలుగా ఉంటాయి. వీళ్ళకి తెలియక అడ్డంగా పెట్టారు. రోజూ ఇస్త్రీ చేసేది నేను కదా, చూస్తూ ఊరుకోలేకపోయాను."

నవ్వు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తెలియదు. నేను మామూలుగానే చెప్పాను.

ఇగ్వా కళ్ళు తుడుచుకుని, "ఈ పూటకి అర్థం చెప్పేవాడి అవసరం లేదు" అన్నాడు. "తీగ తనే మాట్లాడింది."

ఇంటికి వేరువేరుగా వచ్చాం.

మార్చి 18

అరటికాయా చేపా కొబ్బరిపాలలో ఉడకబెట్టాను. ఉప్పు సరిపోయింది.

మార్చి 19

ఇనాదిలి వచ్చి నన్ను కావలించుకుంది. చెమట వాసన. "అక్కా, నువ్వే అందరికంటే ధైర్యవంతురాలివి" అంది. వదలమన్నాను. ధైర్యమట. నా మొగుడిని నేను ఊరంతటి ముందూ పడగొట్టాను, దానికి ఇది ధైర్యం అని పేరు పెడుతోంది. ఉయ్యాల మా ఇంటికి రాదు. ఇక ఎప్పటికీ రాదు. అది దాని బుర్రకి తట్టలేదు. నాన్న కూతురు అది కూడా.

మార్చి 24

తేల్చారు. ఉయ్యాల హొరాసియోకి. అతనికి పార్టీల పేర్లు కూడా సరిగా తెలియవు. అదే అర్హత అన్నారు. అతను లేచి, "నాకు పాటలు తక్కువ వచ్చు, మీరే అందించాలి" అన్నాడు. ఈ దీవిలో ఇన్నేళ్ళలో ఒక పెద్దమనిషి నోట విన్న మొదటి నిజం. అయినా ఉయ్యాలలోకి ఎక్కేటప్పుడు తలకిందులు కాబోయాడు.

మా ఆయనని నడుమ నిలబెట్టి పెద్దలందరూ ఒకరి తర్వాత ఒకరు బుద్ధి చెప్పారు. తల వంచుకుని విన్నాడు. పార్టీని సభలోకి తెచ్చినందుకు కాదు, తెచ్చి దాన్ని ఇగ్వా నోట్లో పెట్టినందుకు. ఆ తర్వాత ఇగ్వానే అడిగాడు, "పాటకి అర్థం చెప్పే పని ఇతని దగ్గర ఉండకూడదు. మరి ఏ పని ఇద్దాం?"

వెళ్ళగొడతారనుకున్నాను. వెళ్ళగొడితే తన అక్క ఇంటికి వెళ్ళేవాడు, దుస్తుల సంచీ సర్ది కూడా పెట్టుకున్నాడు.

పెద్దమ్మ అంది, "గొంతుంది కదా. కాపలా పనికి పెట్టండి. నిద్రపోయేవాళ్ళని లేపుతాడు."

ఇలాంటి శిక్ష ఆడది తప్ప ఎవరూ వేయలేరు.

మే 6

ఎన్నికలయ్యాయి. చుక్కానివాడు గెలిచాడు. మా దీవిలో కూడా అతనికే ఎక్కువ పడ్డాయి. సిమెంటు పంపాడు, ఓట్లు వేశాం. ఆ పెట్టె వాళ్ళది, ఆ కాగితం వాళ్ళది, వాళ్ళది వాళ్ళకి ఇచ్చేశాం. ఇనాదిలి దీన్ని ద్రోహం అని తిట్టింది. తనూ వేసింది, నేను చూశాను.

లాంబెర్తో రేవు ఫోటో పెద్దది చేయించి పంపాడు. మా ఆయన దాన్ని చూసి గోడకి తిప్పి పెట్టాడు.

దుస్తుల సంచీ ఇంకా సర్దే ఉంది. వెళ్ళలేదు. వెళ్ళమని నేను అనలేదు. ఉండమనీ అనలేదు.

మే 9

సాయంత్రం సభ. హొరాసియో పాడాడు. మూడుచోట్ల మరిచిపోతే చుట్టూ బెంచీల మీదినుంచి మేం అందించాం.

ఆర్కిమెదెస్ టోపీ లేకుండా, టై లేకుండా, కర్ర పట్టుకుని బెంచీల వెనక తిరుగుతున్నాడు. ఆ చోటు నుంచి ఇతనికి ముఖాలు కనిపించవు. ఎదురుగా అన్నీ వీపులే. చిలక రవికలు ఇంకా ఎవరూ పారేయలేదు, బట్ట మంచిది. ప్రతి సాయంత్రం ఆ వీపుల వెంట నడవాలి.

"నిద్రపోకండి! బాగా వినండి!"

నా వెనకకి వచ్చి ఆగాడు. అరవలేదు. నేను కుడుతూనే ఉన్నాను. పాటలో తీగ దగ్గరికి వచ్చింది. అతను కదల్లేదు.

"నేను నిద్రపోవడం లేదు" అన్నాను, తల తిప్పకుండా.

"తెలుసు" అన్నాడు చిన్నగా. "నువ్వెప్పుడూ పోలేదు."

తర్వాత ముందుకి వెళ్ళి, హొరాసియో బావమరిది కునుకు తీస్తుంటే వాడి చెవి దగ్గర అరిచాడు. వాడు బెంచీ మీదినుంచి కింద పడ్డాడు.

గొంతు మాత్రం బాగుంది వెధవకి. చేతనైన పని ఒకటి దొరికింది, ఇన్నేళ్ళకి.